పార్కుల మిఠాయి దుకాణం కొత్త రూపు ఎట్లుంది?

హన్మకొండ_పోరడు: సీసాలు తీసేసి మూతలేని గాజు పెట్టెలు, ఏసీ, పసుపు లైట్లు పెట్టిన్రు. చూడ మస్తుంది గానీ నిమ్మబిళ్లలు ముద్దగట్టినయ్, పల్లిపట్టి సాగుతుంది. ఎందుకన్నా?

బెల్లంపాకం: బిళ్లల పాకం 150 డిగ్రీల దాకా కాస్తరు. అండ్ల తడి ఒకటి రెండు శాతమే మిగుల్తది, అందుకే గాలిల తేమను గుంజుకుంటది. రాత్రంతా ఏసీ నడిపి పొద్దుగాల తలుపు తెరిస్తే చల్లటి గాజు మీద నీళ్లు పడ్తయ్. వానకాలం ఇంకా ఘోరం. బిగుతు మూతున్న పాత సీసాలే నయం, సోకు తక్కువైనా సరే.

కాకతీయ_తీపి: పల్లిపట్టికి తేమొక్కటే కాదు తమ్మీ, పాకం ముదరలే. చల్లనీళ్లల్ల చుక్కేసి, గట్టివడ్డంక గిన్నెకు కొడితే టంగుమనాలె. వంగితే ఇంకా కాయాలె. కిలో పల్లీలకు ముప్పావు కిలో బెల్లం సాలు.

హన్మకొండ_పోరడు: చాక్లెట్ల మీద తెల్లపొర బూజేనా?

బెల్లంపాకం: పలుచగ పొడి లెక్కుంటే కాదు. పగటి వేడికి కొవ్వు కరిగి పైకొచ్చి, ఏసీకి గడ్డకడ్తది. తినొచ్చు, రుచే జర తగ్గుతది. లైట్లు పెట్టె లోపల్నే ఉన్నయా? అయితే ముందు అవి బయటికి తియ్యమను.