నోటి దురుసు ఉన్న సైకిల్ వీరుణ్ని పిల్లలకు ఆదర్శంగా చూపించవచ్చా?

ప్రశ్న – కొత్తపేట వ్యాయామ ఉపాధ్యాయుడు

కోనసీమలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. సైకిల్ పందేల మీద ఆసక్తి ఉన్న పిల్లలను సాయంత్రం బడి వదిలాక కాలువ గట్టు రోడ్డు మీద తొక్కిస్తాను. మాది సమతలమైన నేల. రావులపాలెం నుంచి అమలాపురం దాకా తొక్కినా గేరు మార్చాల్సిన పని పెద్దగా ఉండదు. అందువల్ల కొండలెక్కే రైడర్లు మా దగ్గర తయారు కారు. చివరి రెండు మూడు వందల మీటర్లలో ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి గీత దాటేవాళ్లే, అంటే స్ప్రింటర్లే తయారవుతారు. ఆ విద్యలో బ్రిటన్ రైడర్ మార్క్ కావెండిష్‌ను మించినవాడు లేడని నా నమ్మకం. అతని పందేల వీడియోలు పిల్లలకు చూపిస్తూ వచ్చాను.

ఈ మధ్య చుట్టుపక్కల ఊళ్ల బడుల మధ్య ఒక పందెం జరిగింది. మా పదో తరగతి అబ్బాయి గెలిచాడు. గెలిచి ఊరుకోలేదు. గీత దాటుతూ వెనక్కి తిరిగి, రెండో స్థానంలో వస్తున్న పిల్లవాడికి వేళ్లు చూపించి ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయలేను. తర్వాత పక్కకు పిలిచి అడిగితే, "కావెండిష్ కూడా ఇలాగే చేశాడు కదండీ మాస్టారూ" అన్నాడు.

అతను చెప్పింది అబద్ధం కాదు. 2010లో స్విట్జర్లాండ్‌లో జరిగే టూర్ ఆఫ్ రోమాండీ అనే పందెంలో ఒక స్టేజి (రోజుల తరబడి సాగే పందెంలో ఒక రోజు తొక్కే భాగం) గెలుస్తూ కావెండిష్ తన విమర్శకులను ఉద్దేశించి, అరచేయి తనవైపు ఉండేలా రెండు వేళ్లు పైకెత్తాడు. బ్రిటన్‌లో అది బూతుతో సమానం. ఆ ఏడాది మొదట్లో పంటి బాధతో శిక్షణ దెబ్బతిని వెనకబడ్డాడు, పత్రికలు అతని పని అయిపోయిందని రాశాయి. ఆ కోపం అలా బయటపడింది. పిల్లలకు ఆ బొమ్మ గుర్తుంది, దాని వెనకాముందూ ఏం జరిగిందో గుర్తు లేదు.

ఓడిన అబ్బాయి తండ్రి నా దగ్గరికి వచ్చి నిదానంగానే మాట్లాడారు. "కాళ్లకు శిక్షణ ఇస్తున్నారు బాగానే ఉంది మాస్టారూ, నోటికి ఎవరిస్తారు?" అన్నారు. మా బడిలో తోటి ఉపాధ్యాయులు కొందరు ఆ వీడియోలు మొత్తం ఆపేయమంటున్నారు. నాకు ఆపడం ఇష్టం లేదు. అలాగని ఆ తండ్రి అడిగినది కొట్టిపారేయలేను. సైకిల్ పందేలు చూసేవారు, తొక్కేవారు మీ అభిప్రాయం చెప్పండి. కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడే ఇలాంటి ఆటగాణ్ని మెచ్చుకోవాలా, తప్పుపట్టాలా?


జవాబు – అమలాపురం, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

మాస్టారూ, వీడియోలు ఆపకండి. ఆ మనిషి గురించి పిల్లలకు సగమే తెలిసింది, మిగతా సగం కూడా చెప్పండి.

అతనిది ఐల్ ఆఫ్ మ్యాన్ అనే చిన్న ద్వీపం. ప్రొఫెషనల్ కావడానికి ముందు బ్యాంకులో పనిచేసి డబ్బు కూడబెట్టుకున్నాడు. ఇది చదివినప్పటి నుంచి నాకు అతనంటే మరికాస్త అభిమానం. ప్రయోగశాలలో సైకిలు కదలకుండా బిగించి తొక్కించి కొలిస్తే అతని అంకెలు ఏమంత గొప్పగా ఉండేవి కావు. ఆ అంకెలు చూసినవాళ్లు పెదవి విరిచారు. అలాంటివాడు "నేనే అందరికన్నా వేగంగా తొక్కుతాను" అని పైకి అనకపోతే అతని కోసం ఎవరు అనేవారు? 2008 నుంచి 2011 వరకు నాలుగు టూర్ డి ఫ్రాన్స్‌లలో వరుసగా 4, 6, 5, 5 స్టేజీలు గెలిచాడు. అన్నమాట అన్నట్టే చేసి చూపించినవాణ్ని గొప్పలు చెప్పుకునేవాడని అనడం నాకు సమ్మతం కాదు.

రెండో సంగతి మరింత ముఖ్యం. గెలిచిన తర్వాత అతని ఇంటర్వ్యూలు చూడండి. మొదట తన గురించి మాట్లాడడు. ఎదురుగాలిలో ముందు తొక్కి తనను మోసుకొచ్చిన జట్టువాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెబుతాడు. గీత దాటాక ఆగి, వెనక వచ్చే ప్రతివాణ్నీ కౌగిలించుకుంటాడు. 2011లో కోపెన్‌హేగన్‌లో ప్రపంచ విజేత అయిన రోజున బ్రిటన్ జట్టు దాదాపు రోజంతా గుంపు ముందు ఉండి లాగింది. బ్రాడ్లీ విగిన్స్, క్రిస్ ఫ్రూమ్, గెరాయింట్ థామస్ లాంటివాళ్లు అతని కోసం కూలి పని చేశారు. ముగ్గురూ తర్వాత టూర్ డి ఫ్రాన్స్ గెలిచినవాళ్లే. 1965లో టామ్ సింప్సన్ తర్వాత పురుషుల రోడ్డు పందెంలో బ్రిటన్‌కు దక్కిన ప్రపంచ టైటిల్ అదే. నోరు మాత్రమే ఉన్నవాడి కోసం అలాంటివాళ్లు అంత చాకిరీ చేయరు.

కాబట్టి నా ఓటు మెచ్చుకోలుకే.


జవాబు – పాలకొల్లు, సైకిల్ షాపు

బ్యాంకు మాస్టారు గారికి నమస్కారం. జట్టువాళ్లను కౌగిలించుకున్న మాట నిజమే. అయితే జట్టు అంటే తొక్కేవాళ్లు మాత్రమేనా అండీ?

2021 టూర్ డి ఫ్రాన్స్‌లో ఒక స్టేజి మొదలవడానికి ముందు కావెండిష్ తన మెకానిక్ మీద కెమెరాల ముందే అరిచాడు. సైకిలు సరిగ్గా బిగించలేదని. నేను ఆ వీడియో ఒక్కసారి చూసి మళ్లీ చూడలేదు. నాది ఇరవై నాలుగు గంటలూ గ్రీజు అంటిన చేతుల బతుకు. టూర్‌లో మెకానిక్‌లు రాత్రి పొద్దుపోయే దాకా ప్రతి సైకిలూ కడిగి, గేర్లు సరిచేసి, టైర్లు మార్చి పడుకుంటారు, మళ్లీ తెల్లవారుజామునే లేస్తారు. వాళ్ల పేరు ఎవరికీ తెలియదు. ఎదురు చెప్పడానికి మైకు కూడా ఉండదు.

తర్వాత అతను బహిరంగంగా క్షమాపణ చెప్పాడని మీరంటారు. చెప్పాడు, అది మంచి పనే. చెప్పనివాళ్లు ఎంతమందో. అయినా సాటి స్ప్రింటర్ ఆండ్రె గ్రైపెల్‌ను చిన్నాచితకా పందేలు గెలుచుకునేవాడని వెటకారం చేయడం ఒకటి, మెకానిక్ మీద అరవడం మరొకటి. గ్రైపెల్ తన జవాబు రోడ్డు మీదే ఇచ్చాడు. 2011 టూర్‌లో కార్మో ఊళ్లో ముగిసిన స్టేజిలో కావెండిష్‌ను దాటి గెలిచాడు. మొత్తం మీద టూర్‌లో 11 స్టేజీలు గెలిచాడు. సమానమైనవాళ్ల మధ్య మాటకు మాట ఉంటుంది. మెకానిక్ ఏ రోడ్డు మీద జవాబిస్తాడు?

మీ పిల్లవాడి విషయంలో కూడా అదే చూడండి మాస్టారూ. ఓడిన అబ్బాయి తొక్కింది ఎలాంటి సైకిలు? నాకు తెలిసి చాలామంది ఊళ్లో పిల్లలు బడికి తెచ్చుకునే బరువు సైకిలు మీదే పందెంలో దిగుతారు. గేర్ల సైకిలు మీద గెలిచి, అలాంటివాడికి వేళ్లు చూపిస్తే అది ధైర్యం కాదు.


జవాబు – రాజమహేంద్రవరం నుంచి, ఒకప్పుడు జిల్లా స్థాయిలో ఆడినదాన్ని

దురుసు మాటలన్నీ ఒకే గాటన కట్టవద్దని పాలకొల్లు అన్నయ్య చెప్పింది వంద శాతం నిజం. దాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్తాను.

అమెరికా రైడర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా నోరున్నవాడే. 1999 టూర్‌లో క్రిస్టోఫ్ బాసోన్ అనే ఫ్రెంచి రైడర్ నిషేధిత ఉత్ప్రేరకాల గురించి పత్రికలో రాస్తుంటే, ఆర్మ్‌స్ట్రాంగ్ తొక్కుతూనే అతని పక్కకు వచ్చి పందెం వదిలి పొమ్మన్నాడు. తోటివాళ్లు ఎవరూ అండగా నిలవక బాసోన్ మధ్యలోనే ఇంటికి వెళ్లిపోయాడు. 2004లో ఫిలిప్పో సిమియోని అనే ఇటలీ రైడర్ ముందుకు దూసుకెళ్తే, మొత్తం పందెంలో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీలో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా వెంటాడి ఆ ప్రయత్నాన్ని చెడగొట్టాడు. సిమియోని చేసిన నేరమల్లా ఆర్మ్‌స్ట్రాంగ్ వైద్యుడైన మికేలే ఫెరారీకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడం. ఆ రోజు ఆర్మ్‌స్ట్రాంగ్ కెమెరాకు పెదవులకు జిప్ వేస్తున్నట్టు సైగ చేశాడు. ఉత్ప్రేరకాలు వాడినందుకు 2012లో అతని ఏడు టూర్ టైటిళ్లూ ఊడబెరికారు, 2013 జనవరిలో ఆ తప్పు టీవీలో ఒప్పుకున్నాడు. కానీ బాసోన్‌కు పోయిన ఆ ఏళ్లు ఎవరు తిరిగిస్తారు? ఆర్మ్‌స్ట్రాంగ్ దూకుడును అప్పట్లో నాయకత్వ లక్షణమని పొగిడినవారిని తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇంకోవైపు నికోల్ కుక్ ఉంది. వేల్స్ అమ్మాయి. 2008లో ఒలింపిక్ రోడ్డు పందెంలో స్వర్ణం, అదే ఏడాది ప్రపంచ టైటిల్. ఆమె కూడా ఎవరినీ ఉపేక్షించలేదు. 2013 జనవరిలో ఆట నుంచి తప్పుకుంటూ, ఉత్ప్రేరకాల గురించీ మహిళా రైడర్లకు జరిగే అన్యాయం గురించీ పేర్లు పెట్టి మాట్లాడింది. 2017లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ ముందు కూడా అంతే గట్టిగా సాక్ష్యమిచ్చింది. ఆమెతో వేగడం కష్టమని అన్నవాళ్లున్నారు. అబ్బాయి నోరు విప్పితే ఆత్మవిశ్వాసం, అమ్మాయి విప్పితే పొగరు! ఈ మాట నేను కూడా మైదానంలో చాలాసార్లు విన్నాను. మా జట్టుకు సరైన బూట్లు ఇవ్వలేదని అడిగినందుకు నన్ను తర్వాతి ఎంపికలో పక్కన పెట్టారు.

మాస్టారూ, మీ పిల్లలకు కుక్ గురించి కూడా చెప్పండి. మీ దగ్గర తొక్కే పిల్లల్లో ఆడపిల్లలు ఉన్నారా? మీ ప్రశ్నలో ఆ సంగతి కనిపించలేదు.


జవాబు – భీమవరం, డిగ్రీ విద్యార్థి

నేను కావెండిష్ అభిమానిని అయింది అతను గెలిచినప్పుడు కాదు. 2017లో ఎప్‌స్టీన్–బార్ వైరస్ సోకి ఒళ్లు సహకరించలేదు. 2018 టూర్‌లో కొండ స్టేజిలో గడువు దాటి చేరుకోవడంతో పోటీ నుంచి తప్పించారు. అదే ఏడాది తనకు మానసిక కుంగుబాటు ఉందని వైద్యులు గుర్తించారు. ఆ విషయాన్ని తర్వాత పైకే చెప్పాడు. 2020లో ఒక పందెం ముగిశాక ఇదే తన చివరిది కావచ్చని కెమెరా ముందు ఏడ్చాడు. నేను చదివే చోట కుంగుబాటు గురించి ఇంట్లో చెప్పలేని స్నేహితులు నాకు తెలుసు. గెలిచినప్పుడు పెద్దగా మాట్లాడిన మనిషి పడిపోయినప్పుడు కూడా దాచకుండా మాట్లాడాడు. నాకు అది చాలు.


జవాబు – కొత్తపేట వ్యాయామ ఉపాధ్యాయుడు

అందరికీ కృతజ్ఞతలు. రాజమహేంద్రవరం చెల్లెమ్మా, ఆడపిల్లలు ఇద్దరు వస్తున్నారు. పందెంలో వాళ్లకు విడిగా విభాగం పెట్టలేదు, మగపిల్లలతో కలిసి తొక్కారు. నిర్వాహకులను దీని గురించి అడుగుతాను. అడిగేటప్పుడు మీ బూట్ల సంగతి గుర్తుంటుంది.

పాలకొల్లు అన్నయ్య ఊహించినది సరైనదే. ఓడిన అబ్బాయిది వాళ్ల అన్న వాడి వదిలేసిన పాత సైకిలు. ఆ సంగతి మావాడికీ తెలుసు. అందుకే నాకు ఇంత బాధ కలిగింది.

బ్యాంకు మాస్టారితో నేను ఒకచోట విభేదిస్తాను. స్టేజీల లెక్క చూపిస్తే మాట ఒప్పైపోదు. 2010 జూన్‌లో టూర్ ఆఫ్ స్విట్జర్లాండ్‌లో హైన్రిక్ హౌస్లర్ అనే రైడర్‌తో ఢీకొని పడినప్పుడు, మర్నాడు తోటి రైడర్లు కావెండిష్ తీరుకు నిరసనగా కాసేపు బయలుదేరకుండా నిలబడ్డారు. అప్పటికే అతను టూర్ డి ఫ్రాన్స్‌లో పది స్టేజీలు గెలిచినవాడు. గెలుపు అతని మాటకు బలం ఇచ్చింది కానీ, ఎవరి మీద ఆ బలం చూపాలో నేర్పలేదు. అది అతను తర్వాత నేర్చుకున్నాడు. 2014 టూర్ డి ఫ్రాన్స్‌లో, ఇంగ్లండ్‌లోని హారోగేట్‌లో, తన తల్లి సొంత ఊళ్లో, సైమన్ గెరాన్స్ అనే తోటి రైడర్‌ను తోసి ఇద్దరూ పడినప్పుడు భుజం దెబ్బతిన్న స్థితిలో కూడా తప్పు నాదేనని చెప్పి గెరాన్స్‌కు క్షమాపణ చెప్పాడు. మా పిల్లలకు ఈ రెండో ఘటన కూడా చూపించాలి.

రోమాండీ కథలో మావాడికి తెలియనిది ఒకటుంది. ఆ సైగ చేసినందుకు కావెండిష్‌ను సొంత జట్టే పందెం నుంచి వెనక్కి పిలిపించింది. గెలిచి తెచ్చినవాణ్ని, జట్టులో అందరికన్నా పెద్ద పేరున్నవాణ్ని. నిన్న సాయంత్రం ఆ అబ్బాయికి అది చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే నన్ను కూడా తీసేస్తారా?" అని అడిగాడు.

తీసేయను. వచ్చే పందెంలో అతని పని మారుతుంది. 2024 జులై 3న సేంట్ వుల్బాలో కావెండిష్ టూర్ డి ఫ్రాన్స్‌లో తన 35వ స్టేజి గెలిచి, పాతతరం బెల్జియం రైడర్ ఎడ్డీ మెర్క్స్ 34 గెలుపుల రికార్డు దాటినప్పుడు అతనికి 39 ఏళ్లు. ఆ టూర్ మొదటి రోజు ఎండదెబ్బకు వాంతులు చేసుకుంటూ వెనకబడితే, జట్టువాళ్లు చుట్టూ ఉండి గడువులోపు గీత దాటించారు. ఆ రోజు వాళ్లు తమ అవకాశాలు వదులుకోకపోతే 35వ గెలుపు లేదు. మావాడు ఈసారి ఆ వదులుకునేవాడి పని చేస్తాడు. రెండు వందల మీటర్ల గుర్తు దాకా ఎదురుగాలిలో ముందు లాగి, పక్కకు తప్పుకోవాలి. గీత దాటాల్సింది అతని వెనక చక్రం పట్టుకుని వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి. ఇద్దరికీ చెప్పాను. అతను ఒప్పుకున్నాడు, మనస్ఫూర్తిగానా కాదా అన్నది ఆ రోజే తెలుస్తుంది. దానికి ముందు ఓడిన అబ్బాయి ఇంటికి అతన్ని వెంటబెట్టుకుని వెళ్తున్నాను.


జవాబు – పాలకొల్లు, సైకిల్ షాపు

పందెం తేదీ ఖాయమయ్యాక చెప్పండి మాస్టారూ. పిల్లల సైకిళ్లన్నీ రెండు రోజుల ముందు ఆటో ట్రాలీలో పంపితే బ్రేకులు, చైన్లు చూసి పంపుతాను. ఆ పక్క ఊరి అబ్బాయి పాత సైకిలు కూడా కలపండి, డబ్బులేమీ వద్దు. మీ పదో తరగతి అబ్బాయిని కూడా పంపండి. చక్రం విప్పేటప్పుడు నా పక్కన కూర్చుని పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.