రికార్డుతో పెరిగిన చెవికి కచేరీ ఎందుకు పరాయిగా వినిపిస్తుంది?

నీలాంబరి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఒకే గాయనిని ఆరాధిస్తూ వింటున్నాను. ఆవిడ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే చర్చ ఆవిడ గొప్పతనం మీదికో ఇప్పటి గొంతు మీదికో మళ్ళిపోతుంది, నా సందేహం అది కాదు. ఆవిడ పాటలు నాకు కంఠతా వచ్చు. సాహిత్యం మాత్రమే కాదు, రెండో చరణానికి ముందు ఆవిడ ఊపిరి తీసుకునే చోటు, ఒక పాటలో వయొలిన్ విల్లు తీగను తాకిన చిన్న చప్పుడు కూడా నాకు పాటలో భాగాలే. అలాంటి నేను ఇన్నాళ్ళకు మొన్న ఆవిడ కచేరీకి వెళ్ళగలిగాను.

ఆవిడ వేదిక మీదికి వచ్చి మొదటి పల్లవి అందుకున్నప్పుడు నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. కానీ రెండు మూడు పాటలు గడిచేసరికి, పాట వినడం మానేసి రికార్డుకూ దీనికీ మధ్య తేడాలు ఏరుతూ కూర్చున్నానని గమనించాను. శ్రుతి దించారు, నడక పెంచారు, వేణువు రావలసిన చోట కీబోర్డు వచ్చింది. అన్నిటికంటే నేను ఎక్కువగా ఎదురుచూసిన తారస్థాయి (పై స్వరాల) పంక్తిని ఆవిడ పాడకుండా మైకును జనం వైపు తిప్పేశారు. నా చోటు బాగా వెనక ఉండడంతో ఆవిడను కాక తెరనే చూడవలసి వచ్చింది. ఆ తెర మీద పెదవులు ముందు కదిలి పాట తర్వాత చేరుతున్నట్టు అనిపించింది.

ఇందులో శబ్ద వ్యవస్థ వల్ల జరిగినదెంత, నా వినే అలవాటు వల్ల జరిగినదెంత? ఆవిడ కచేరీకి మళ్ళీ వెళ్ళాలని నిశ్చయించుకున్నాను కనుక, ఎక్కడ కూర్చోవాలో, మనసును ఎలా సిద్ధం చేసుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మిక్సింగ్‌బల్ల (జవాబు):

నీలాంబరి గారూ, సభల్లో శబ్దం సర్దడం నా వృత్తి కనుక నా వంతు భాగానికే జవాబు చెబుతాను.

పెదవులు ముందు కదలడం మీ భ్రమ కాదు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు మాత్రమే నడుస్తుంది. వేదికకు 100 మీటర్ల దూరంలో ఉన్నవారికి పాట సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యంగా అందుతుంది. తెర మీది బొమ్మ మాత్రం వెలుతురు కనుక వెంటనే కనిపిస్తుంది. నిమిషానికి 100 దెబ్బలు పడే పాటలో ఆ ఆలస్యం ఇంచుమించు అరదెబ్బ. వెనకవారు తమకు వినిపించిన దెబ్బకు చప్పట్లు కొడితే, అవి వేదికకు తిరిగి చేరేసరికి మొత్తం ఒక దెబ్బ వెనకబడి ఉంటాయి. మీ గాయని జనం చేత పాడించిన పంక్తిలో ఆవిడ చెవికి అందినది ఆ ఆలస్యంతో కూడిన కోరసే. పెద్ద మైదానాల్లో గాయకులు తమ పాట తమకు వినిపించే చిన్న మానిటర్లు చెవిలో పెట్టుకుని, జనం గొంతును చాలావరకు బయటే ఆపేసి, తమ తాళాన్ని తాము కాపాడుకోవడానికి ఇది ఒక ప్రధాన కారణం. మైదానం మధ్యలో స్తంభాల మీద నిలబెట్టే స్పీకర్లకు మేము లెక్కవేసి ఆలస్యం కలుపుతాము, అప్పుడే వాటి ధ్వని వేదిక నుంచి వచ్చే ధ్వనితో పొసగుతుంది. తెర బొమ్మకు కూడా అలాగే ఆలస్యం కలపవచ్చు, కానీ దగ్గరివారికీ దూరంవారికీ ఏకకాలంలో సరిపోయే అంకె అంటూ ఉండదు.

ఇక మీరు వెతుక్కున్న ఆ ఊపిరి సంగతి. స్టూడియోలో మైకు నోటికి బెత్తెడు దూరంలో ఉంటుంది, గది నిశ్శబ్దంగా ఉంటుంది, కంప్రెసర్ అనే పరికరం గుసగుసను పైకి లేపి కేకను కిందికి అణుస్తుంది. వేదిక మీద అదే పని అంతగా చేయబోతే మైకులోకి డ్రమ్ములూ చేరతాయి, స్పీకరు ధ్వని మళ్ళీ మైకులో పడి వ్యవస్థ మొత్తం కూత పెడుతుంది. పైగా దూరం పెరిగేకొద్దీ గాలి హెచ్చు పౌనఃపున్యాలను ముందుగా మింగేస్తుంది; హల్లుల స్పష్టత, ఊపిరి, విల్లు తాకిడి అన్నీ ఆ పై పట్టీలోనే ఉంటాయి. మంద్ర (కింది స్వరాల) ధ్వనికి ఆ బాధ తక్కువ కనుక, వెనక కూర్చున్నవారికి తాళం గుండెను తాకుతుంది కానీ మాట చెవికి చేరదు.

చోటు గురించి అడిగారు కనుక, మిక్సింగ్ బల్లకు దగ్గరగా, వీలైతే దానికి కొంచెం ముందు కూర్చోండి. అక్కడ నిలబడినవాడి చెవికి నచ్చేదాకా సర్దినదే ఆ రాత్రి పాట. మొదటి వరుసలో వేదిక మీది డ్రమ్ములూ గిటార్ల పెట్టెలూ నేరుగా వినిపిస్తాయి, ఎత్తున వేలాడే స్పీకర్ల నుంచి వచ్చే గొంతు తల మీదుగా వెళ్ళిపోతుంది. (ముందు వరుస కోసం పోటీపడేవారు పాట కోసం కాక మనిషి కోసం వస్తారని నా అభిప్రాయం, అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు.)

మరొక మాట. వృత్తి భద్రతలో పాటించే ఒక ప్రమాణం ప్రకారం 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండవచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగానికి తగ్గుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికల కోసం ప్రకటించిన ప్రమాణం సగటు ధ్వనిని ఆ 100 దగ్గరే ఆపమంటుంది. సంగీతం కోసం తయారుచేసే ఇయర్‌ప్లగ్‌లు అన్ని పౌనఃపున్యాలనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి కనుక పాట చెడదు. చాలాసార్లు మాట మరింత తేటగా వినిపిస్తుంది.

వాదిసంవాది (జవాబు):

పై జవాబులోని ప్రతి మాటా ఒప్పుకుంటాను, కానీ నీలాంబరి గారి అసలు చిక్కు స్పీకర్లలో లేదని నాకు అనిపిస్తోంది. రికార్డు అసలు, కచేరీ దాని నకలు అన్న లెక్కతో ఆవిడ సభకు వెళ్ళారు. రికార్డు అనేది ఆ పాటను ఆ రోజుల్లో, అప్పటి గొంతుతో, అనేక పర్యాయాలు పాడి ఏరి కూర్చిన ఒక రూపం మాత్రమే. కర్ణాటక సంగీతం వినేవారికి ఈ పేచీ చాలావరకు ఉండదు. ఒకే కృతిని ఒకే విద్వాంసుడు నిన్న ఒకచోట నెరవలు చేసి (ఒకే పాదాన్ని కొత్త కొత్త రీతుల్లో పాడి), ఈ రోజు మరొక పాదం ఎత్తుకుంటే, మాటకు ప్రాణం పోశాడని సంతోషిస్తామే కానీ నిన్నటిలా లేదని నొచ్చుకోము. మనోధర్మం కోసమే, అంటే అప్పటికప్పుడు కల్పించి పాడేదాని కోసమే, అక్కడ కూర్చుంటాము.

శ్రుతి దించడాన్ని మీరు లోటుగా రాశారు. వయసుతో స్వరతంత్రులు బిగుసుకుంటాయి, తారస్థాయి కష్టమవుతుంది. ఇది ఎంతటి గాయకులకైనా తప్పదు. అరమెట్టు దించుకోవడానికి ఒప్పుకోని గాయకులు పైస్వరాన్ని తోసి పాడి, మిగతా పాటంతా బిగువుతో గడుపుతారు. దించుకున్నవారికి మధ్యస్థాయిలో వెసులుబాటు దొరుకుతుంది, మాటను తీర్చి పలకడానికి తీరిక దొరుకుతుంది. మీరు తారస్థాయి పంక్తి కోసం కాచుకుని ఉన్నప్పుడు, దానికి ముందున్న అనుపల్లవిలో ఆవిడ కొత్తగా ఏం చేశారో విన్నారా? నిందగా అనడం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాను.

పరిమితి పాటను ఎటు నడిపిస్తుందో చూడాలంటే అమెరికన్ జాజ్ పియానో విద్వాంసుడు కీత్ జారెట్ ఉదాహరణ ఉండనే ఉంది. 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్ నగరపు ఒపేరా భవనంలో ఆయనకు దక్కినది కోరిన పియానో కాదు. మంద్రం బలహీనంగా, తారం పలుచగా పలికే చిన్న వాద్యం. దాని మధ్యభాగంలోనే ఎక్కువగా నిలిచి, ఎడమచేతి ఆవృత్తులతో మంద్రం లోటు పూడ్చి, అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించారు. తర్వాత ఆ రాత్రి ధ్వనిముద్రణే సోలో పియానో రికార్డుల్లో అత్యధికంగా అమ్ముడుపోయినదిగా పేరు పొందింది. మంచి పియానో దొరికి ఉంటే ఆ రాత్రి వాదనం ఆ రూపం తీసుకునేది కాదు.

మూడోవరుస (జవాబు):

నేను కొంత విరుద్ధంగా మాట్లాడతాను. అభిమాని ప్రతి లోటుకూ ఒక సమర్థన వెతుక్కుని, నచ్చకపోవడం తన తప్పేనని నమ్మడం ఆరోగ్యం కాదు. కొన్ని కచేరీలు నిజంగానే బాగుండవు. సాధన చేయకుండా వచ్చే బృందాలు ఉన్నాయి, గొంతు బాగోలేకపోయినా ఒప్పందం కోసం పాడవలసి వచ్చే రాత్రులు ఉన్నాయి. నీలాంబరి గారు ఏరిన తేడాల్లో వేణువు స్థానంలో కీబోర్డు రావడాన్ని మనోధర్మం అనలేము, అది పొదుపు.

వేదిక తమ సంగీతానికి తగిన చోటు కాదని సంగీతకారులే తేల్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. బ్రిటిష్ సంగీత బృందం బీటిల్స్ 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో 55,000 మందికి పైగా జనం ముందు వాయించినప్పుడు, వాళ్ళ పాట వాళ్ళకు వినిపించడానికి మానిటర్ స్పీకర్లు లేవు, అభిమానుల అరుపులే రాజ్యమేలాయి. మరుసటి ఏడాది ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో వాయించిన తర్వాత టికెట్టు పెట్టి చూసే కచేరీలు మానేసి స్టూడియోకే పరిమితమయ్యారు. పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1964లో సభలు విడిచిపెట్టి, 1982లో కన్నుమూసేవరకు రికార్డుల కోసమే వాయించారు. వేర్వేరు పర్యాయాల్లో వాయించిన ముక్కలను అతికి కూర్చడం ఆయన దృష్టిలో మోసం కాదు, కళే. కనుక రికార్డును ఎక్కువగా ప్రేమించే శ్రోతను తక్కువ చేసి చూడనవసరం లేదు.

అయితే ఒకటి. రికార్డుకు ముమ్మూర్తులా సరిపోయే కచేరీ కావాలంటే ఈ రోజుల్లో అది కష్టమేమీ కాదు. ముందే ముద్రించిన ట్రాకులు వెనక నడిపి, చెవిలో తాళం కొట్టే క్లిక్ శబ్దం పెట్టుకుని దానికి కట్టుబడి పాడితే వేణువూ అలాగే ఉంటుంది, నడకా అలాగే ఉంటుంది. కానీ గాయని ఒక మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలనుకుంటే ఆ క్లిక్ ఆగనివ్వదు. మీ గాయని పాట నడక రికార్డుకు భిన్నంగా ఉందంటే, కనీసం ఆ పాత ట్రాకుకు ఆవిడ బందీ కాలేదన్నమాట. ఆ మేరకు నేను వాదిసంవాది గారి పక్షమే.

నీలాంబరి:

అందరికీ ధన్యవాదాలు. వాదిసంవాది గారూ, మీరు అడిగినదానికి జవాబు: ఆ అనుపల్లవి నాకు ఏమాత్రం గుర్తులేదు. నిజానికి ఆ రాత్రిలో చాలా భాగం గుర్తులేదు, మూడు పాటలు ఫోనులో తీసుకున్నప్పటికీ. ఒక మిత్రురాలు ఈసారి కచేరీల్లో పాడుతున్న పాటల వరుస పంపించారు. అది ముందే చూడడం మంచిదా, చూడకపోవడం మంచిదా? వెళ్ళేలోపు రికార్డులు వినాలా, ఆపాలా?

చెవులపిల్లి (జవాబు):

మనస్తత్వశాస్త్రం నేను చదువుకున్న విషయం కనుక ఈ చివరి ప్రశ్నకు ప్రయత్నిస్తాను. గుర్తులేకపోవడం అసహజం కాదు. ఉద్వేగం ఎక్కువైనప్పుడు అనుభూతి బలంగా మిగిలి వివరాలు జారిపోతుంటాయి. ఫోను సంగతికి వస్తే, మనస్తత్వ పరిశోధకురాలు లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మ్యూజియంలో చూసిన వస్తువులను ఫోటో తీసుకున్నవారికి ఊరికే చూసిన వస్తువుల కంటే అవి తక్కువగా గుర్తున్నాయి. అది బొమ్మల సంగతి, పాటల సంగతి కాదు. అయినా గుర్తుపెట్టుకునే పనిని పరికరానికి అప్పగించే తీరు రెండింటికీ ఒకటేనని నా ఊహ.

తారస్థాయి పంక్తి దగ్గర మీకు కలిగిన వెలితికి మరింత సూటి కారణం ఉంది. మాంట్రియల్‌లో జరిగిన పరిశోధన ఒకటి 2011లో వెలువడింది. తమకు ఇష్టమైన సంగీతం వింటున్నవారి మెదడులో డోపమైన్ అనే, ఆనందంతో ముడిపడిన రసాయనం రెండు దశల్లో విడుదలవుతుందని అందులో తేలింది: గగుర్పాటు కలిగించే ఘట్టం వస్తోందని ఎదురుచూసే క్షణాల్లో ఒక భాగంలో, ఆ ఘట్టం వచ్చినప్పుడు మరొక భాగంలో. పాటను క్షుణ్ణంగా ఎరిగినవారికి ఎదురుచూపే సగం ఆనందం. మైకు జనం వైపు తిరిగినప్పుడు మీ ఎదురుచూపు పూర్తయింది, ఫలం రాలేదు. ఆ పాటను అంతగా ఎరగని పక్కవారికి ఆ బాధ లేదు. గొంతు కలిపినవారికి వేరే ఫలం దక్కింది.

కనుక నా సలహా ఏమిటంటే, రికార్డులు పూర్తిగా ఆపనక్కరలేదు కానీ, వెళ్ళేముందు కొన్ని వారాలు స్టూడియో రూపాలను పక్కనపెట్టి, ఆవిడవే వేర్వేరు కాలాల కచేరీ ధ్వనిముద్రణలు దొరికినన్ని వినండి. ఒకే పాటకు నాలుగైదు రూపాలు చెవిలో ఉంటే మనసు ఒకదానికే అతుక్కోదు. ఈసారి ఎటు తిప్పుతారో అన్న ఎదురుచూపు దాని స్థానంలో మొదలవుతుంది. పాటల వరుస మాత్రం చూడవద్దంటాను. తర్వాతి పాట ఏదో తెలిస్తే ప్రస్తుత పాట చివర సగం దృష్టి అటే పోతుంది.

మిక్సింగ్‌బల్ల:

పాటల వరుస విషయంలో నాది వేరే అభిప్రాయం. తనకు ప్రాణమైన పాట వస్తుందో రాదోనని చివరిదాకా ఆందోళనపడే స్వభావమైతే ముందే చూసుకుని నిశ్చింతగా కూర్చోవడమే మేలు. ఫోను గురించి ఒక సాంకేతిక వివరం చేర్చి ముగిస్తాను: అంత ధ్వని తీవ్రతలో, ముఖ్యంగా స్పీకర్లకు దగ్గరలో, చాలా ఫోన్ల మైకులు తట్టుకోలేక శబ్దాన్ని చితకగొడతాయి, గొంతుకు బదులు మంద్రపు హోరే మిగులుతుంది. గుర్తుగా ఏదైనా కావాలనుకుంటే, ఆవిడ పాటల మధ్య మాట్లాడే మాటలు తీసుకోండి. అవి స్పష్టంగా పడతాయి, పైగా అవి ఏ రికార్డులోనూ దొరకవు.