హోర్‌ఫ్రాస్ట్: నూగుమంచు అందామా?

అనువాదం చేస్తూ హోర్‌ఫ్రాస్ట్ అన్న ఇంగ్లీషు మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయానండీ. చలి రాత్రి గడ్డి మీద తెల్లగా పేరుకునే మంచు అది. మొదట పొగమంచు అని రాసేశాను. మళ్ళీ చదువుకుంటే దృశ్యమే మారిపోయింది. పొగమంచు గాలిలో తేలుతుంది, ఎదురుగా ఉన్నది కనబడనివ్వదు. ఇదేమో గడ్డిపరకనీ, ఎండుటాకు అంచునీ పట్టుకుని ఉంటుంది. మనకి ఆకు మీది చుక్కా మంచే, కొండ మీది హిమమూ మంచే. కాబట్టి ముందు ఇంకో మాట చేర్చక తప్పదు.

హోర్ అంటే నెరిసిన రంగు. పాత ఇంగ్లీషులో ఇది హార్. తల నెరిసినవాళ్ళకి వాడిన మాటే మంచుకీ వాడారు. అందులోంచే హోరీ వచ్చింది: నెరిసిన, బాగా పాతదైన, పూజ్యమైన. జర్మన్లు గౌరవంగా పేరు ముందు పెట్టే హెర్ కూడా ఈ మూలం నుంచి పుట్టిందే. తలపండినవాడు అని మనం అనడం లేదూ, అలాగే! హోరీ జోక్ అన్నప్పుడు మాత్రం ఆ మర్యాద పోయి, అరిగిపోయిన జోకు అనే అర్థం మిగులుతుంది.

మబ్బులేని రాత్రి, గాలి కదలనప్పుడు, గడ్డి తన వేడిని ఆకాశానికి వదిలేసి సున్నా డిగ్రీల కంటే చల్లబడుతుంది. అప్పుడు గాలిలోని ఆవిరి నీరు కాకుండానే నేరుగా మంచుగా పేరుకుంటుంది. పడ్డ మంచుచుక్క గడ్డకడితే గాజుపూసలా ఉంటుంది. ఇది అలా కాదు. దగ్గరగా చూస్తే సన్నని సూదులు, ఈకల్లాంటి రెమ్మలు, వాటి మధ్య గాలి. తెల్లగా కనబడేది అందుకే. ఫ్రీజర్ గోడకి పట్టే తెల్లటి పొర కూడా ఇలా పుట్టేదే.

రైమ్ దీని దగ్గరి చుట్టం, కానీ వేరు. సున్నా కంటే చల్లబడినా గడ్డకట్టని పొగమంచు తుంపరలు దేనికైనా తగలగానే గట్టిపడితే అది రైమ్. గాలి వచ్చే వైపే ఎక్కువగా పెరుగుతుంది.

ఆ సన్నని ఈకలు చూశాకే నూగుమంచు అన్న మాట తట్టింది. చూపుకి సరిగ్గా సరిపోతుంది. ఇబ్బందల్లా ఒకటే: నూగు అనగానే మనకి నూగుమీసం గుర్తొస్తుంది, హోర్‌లో ఉన్నదేమో ముసలితనం. అందుకని మామూలు వచనంలో నూగుమంచు అనే ఉంచుతున్నాను. నా పుస్తకంలో ముసలాయన తలుపు తీసి బయటికి చూసే చోట మాత్రం అసలు నామవాచకమే వదిలేశాను: పచ్చిక రాత్రికి రాత్రే నెరిసిపోయింది.