సమస్యాపూరణం: "పోరు లేని చోట పొందె గెలుపు"

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలు మీరు పూరించాలి. ఇతివృత్తం 2006లో అమెరికాలోని ఇండియానా రాష్ట్ర రిపబ్లికన్ సెనేటర్ రిచర్డ్ లూగర్ ఆరో గెలుపు. దేశమంతా డెమోక్రాట్ల గాలి. ఇండియానాలోనే మూడు హౌస్ (ప్రతినిధుల సభ) సీట్లు వాళ్ళు లాక్కున్నారు. అయినా లూగర్ మీద అభ్యర్థినే పెట్టలేదు. ఆయనకు 87 శాతం ఓట్లు.

పూరణ 1 (గుంటూరు)

ఎనుబదేడు పాళ్ళ నిండియానా ప్రజల్
తీర్పు చెప్పి రతడె దిక్కటంచు,
నెదుటి పక్ష మచట నెవరిని నిలుపక
పోరు లేని చోట పొందె గెలుపు.

నిర్వాహకుడు: యతులు బాగున్నాయండీ. అన్వయమే తప్పింది. "నిలుపక"కు కర్త ఎదుటి పక్షం, "పొందె"కు కర్త లూగర్. "నిలుపమిన్" అంటే గణం చెడదు, అర్థమూ నిలుస్తుంది.

గుంటూరు: సవరించుకున్నాను మాస్టారూ. చిన్న సందేహం. చిన్న పార్టీ అయిన లిబర్టేరియన్ అభ్యర్థి ఒకరు బరిలో ఉన్నారు కదా, పోరు లేదనవచ్చా?

నిర్వాహకుడు: మంచి ప్రశ్న. పెద్ద పార్టీల మధ్య పోరు లేదనే తీసుకుందాం.

పూరణ 2 (హైదరాబాద్)

మూడు దేశములను ముసిరిన యణ్వస్త్ర
రాశి తొలగఁ జేసె రణము లేక;
శాంతి కోరు వాని జనులెల్ల మెచ్చగా
పోరు లేని చోట పొందె గెలుపు.

నిర్వాహకుడు: అమ్మా, ఇది నన్ను కదిలించింది. 1991లో డెమోక్రాట్ సెనేటర్ శామ్ నన్‌తో కలిసి లూగర్ తెచ్చిన చట్టం సాయంతోనే ఉక్రెయిన్, కజకిస్థాన్, బెలారుస్ అణ్వాయుధాలు వదిలాయి. పోరు అంటే ఎన్నికా, యుద్ధమూ రెండూ అయ్యాయి. శా-జ యతి సరైనదే, ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు. ఈ వారం నాకు బాగా నచ్చినది ఇదే.

పూరణ 3 (ఇండియానాపొలిస్)

రచ్చ గెలిచి పిదప రాలెను తనవారి
చేతిలోన నతడు, సెనెటులోన
నారు మార్లు వరుస నక్కడె తన యింటి
పోరు లేని చోట పొందె గెలుపు.

ఇండియానాపొలిస్: ఈ ఊరికి ఒకప్పుడు లూగరే మేయర్. 2012 ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, సొంత పార్టీవాళ్ళే ముర్డాక్‌ను గెలిపించి ఆయన్ని ఓడించారు. నవంబరులో ఆ సీటు డెమోక్రాట్ జో డానెల్లీకి పోయింది. అది ఇప్పటికీ బాధే.

హైదరాబాద్: "ఇంటి"ని పై పాదంలో ఉంచి "ఇంటి పోరు" చేయడం ఎంత బాగుందో! "నక్కడె" మాత్రం పాదం నింపడానికి వేసినట్టుంది అన్నయ్యా, కింద "చోట" ఉందిగా.

నిర్వాహకుడు: "నప్పుడు తన యింటి" అనండి. మొదటి పాదంలోని "పిదప"కు జోడీ కుదురుతుంది.