స్నోబోర్డు బూటులో కాలు తిమ్మిరెక్కుతోంది, ఇంకో సైజు పెద్దది తీసుకోవాలా?

కొత్తరైడర్:
బయట వేసుకునే షూ యూకే 9. ఆ లెక్కనే స్నోబోర్డు బూటు కూడా 9, డబ్బా మీద మోండో (పాదం పొడవును సెంటీమీటర్లలో చెప్పే సైజు) 28 అని ఉంది. గంట గడిచేసరికి మీగాలు నుంచి వేళ్ల దాకా తిమ్మిరి. వేళ్ల వైపు అంచు మీద తిరిగేటప్పుడు మడమ పైకి లేస్తోంది. ఇంకా బిగిస్తే తిమ్మిరి ఇంకా పెరుగుతోంది. సైజు పెంచాలా?

మడమపట్టు:
పెంచకండి. తిమ్మిరీ, మడమ లేవడమూ రెండూ కలిసి ఉన్నాయంటే ముందుగా అనుమానించాల్సింది బూటు పెద్దదేమో అని. లోపల ఖాళీ ఉంటే మడమ నిలవదు. దాన్ని నిలపడానికి లేసులు లాగుతాం, ఆ ఒత్తిడంతా మీగాలు మీద పడుతుంది. అక్కడ కండ తక్కువ, నరాలూ రక్తనాళాలూ చర్మం కిందే ఉంటాయి. తిమ్మిరి అందుకే. పైగా జారే పాదాన్ని ఆపడానికి వేళ్లు తెలియకుండానే ముడుచుకుంటాయి, దాంతో అరికాలు పట్టేస్తుంది.

షూ నంబరు వదిలేసి పాదం కొలవండి. సన్నటి సాక్స్ వేసుకుని, మడమ గోడకు ఆనించి, ఒంటి బరువు ఆ కాలి మీద వేసి నిలబడండి. అన్నిటికన్నా పొడవైన వేలి కొన దగ్గర ఇంకొకరి చేత గీత గీయించండి. మీరే వంగి గీస్తే పాదం కదిలిపోతుంది. కొందరికి బొటనవేలి కంటే పక్క వేలే పొడుగు, అది కూడా చూసుకోండి. రెండు కాళ్లూ కొలవాలి. సెంటీమీటర్లలో వచ్చిన అంకే మోండో. మామూలు షూలో వేళ్ల ముందు సెంటీమీటరు దాకా ఖాళీ వదులుతాం, ఈ బూటులో ఆ ఖాళీ ఉండకూడదు.

మంచుగీత:
పై మాటకు ఒక పరీక్ష. బూటు పూర్తిగా బిగించి నిటారుగా నిలబడితే వేళ్లు లైనర్ (బూటు లోపలి మెత్తటి తొడుగు) చివరను తాకాలి, కానీ మడత పడకూడదు. మోకాళ్లు వంచి ముందుకు వాలితే మడమ వెనక్కి సర్దుకుని వేళ్ల మీద ఒత్తిడి తగ్గాలి. వంచినా నొక్కుతూనే ఉంటే చిన్నది. నిటారుగా ఉన్నప్పుడే వేళ్లకు ఏమీ తగలకపోతే పెద్దది. ఆ తర్వాత మునివేళ్ల మీద లేచి చూడండి: మడమ లోపల జారకుండా బూటుతో పాటే లేవాలి.

రెండు నిమిషాల్లో తేల్చేయకండి, పదిహేను ఇరవై నిమిషాలు కాళ్లకే ఉంచుకోండి. కొత్త లైనర్‌లోని నురుగు కొన్ని రోజుల వాడకంతో అణిగి అర సైజు దాకా చోటిస్తుంది. కొట్టులో చెప్పుల్లా హాయిగా ఉన్న బూటు అప్పటికి వదులైపోతుంది.

వెడల్పుపాదం:
ఇది అందరికీ ఒకేలా పనిచేయదండీ. చిటికెన వేలి పక్కన నొక్కుతుంటే మోండో ప్రకారం తీసుకున్నది తొడుక్కోవడమే కష్టం. నాలాంటి పాదాలకు సైజు పెంచక తప్పదు.

మడమపట్టు:
వెడల్పు చాలకపోతే పొడవు పెంచడం పొరపాటు అండీ. పక్కన కాస్త చోటు వస్తుంది నిజమే, కానీ మడమ గుంట కూడా పెద్దదైపోతుంది. వెడల్పు మోడల్ అని విడిగా ఉంటాయి, ముందు అవి అడగండి. ఒకచోటే నొక్కుతుంటే లైనర్‌ను వేడిచేసి పాదానికి తగ్గట్టు మలచుకోవచ్చు. నొప్పి ఉన్న చోట పాదానికి చిన్న నురుగు ముక్క అంటించి, దాని మీద సాక్స్ వేసి, వేడి లైనర్‌లో నిలబడితే చల్లారేసరికి అక్కడ గుంట పడుతుంది. ఇది కొట్టులో చేయించుకోండి. ఇంటి ఓవెన్లో పెడితే జిగురు ఊడొచ్చు, నురుగు మాడొచ్చు.

బూటుబల్ల:
సరైన సైజు తీసుకుని తప్పుగా బిగించేవాళ్లూ చాలామంది. లేసులు కట్టే ముందే మడమను నేలకేసి రెండు మూడుసార్లు తట్టి వెనక్కి కూర్చోబెట్టండి. లేసుల కింద ఉండే బూటు నాలుకను పైకి లాగి మధ్యకు సర్దండి. మొదట లోపలి లైనర్ తాడు, తర్వాత పాదం భాగం కాస్త వదులుగా, చివర మోకాలు వంచి చీలమండ పైభాగం గట్టిగా. బోవా చక్రం (లేసులకు బదులు తిప్పి తీగను బిగించేది) ఒక్కటే ఉన్న కొన్ని బూట్లలో పైనా కిందా ఒకేసారి బిగుస్తాయి. మీగాలు ఎత్తుగా ఉన్నవాళ్లకు రెండు చక్రాలవి, లేదా మామూలు లేసులవి మేలు.

సాక్స్ ఒక్క జతే, ఉన్నివో సింథటిక్‌వో. నూలువి చెమట పట్టి తడిసి, చల్లబడి, బొబ్బలు తెస్తాయి. ప్యాంటు లోపలి పొరలు బూటులోకి దోపకండి, ఆ మడతే కాలి ముందెముకను కోస్తుంది.

కొత్తరైడర్:
కొలిచాను. కుడి 26.4, ఎడమ 26.9. ఏ కాలి లెక్క తీసుకోవాలి?

బూటుబల్ల:
పెద్ద కాలిది, అంటే 27. కుడి మడమ కొంచెం ఆడితే ఆ లైనర్ బయటివైపు, చీలమండ ఎముక వెనక కిందుగా జె ఆకారపు నురుగు పట్టీలు అటూ ఇటూ అంటించండి. అరికాలి వంపును మోసే ఇన్సోల్ వేసినా మడమ కుదురుగా ఉంటుంది, బూటుతో వచ్చేవి చాలావరకు పలచటి అట్టలే. బూటు చిన్నదైంది కాబట్టి బూటును బోర్డుకు పట్టి ఉంచే బైండింగ్ పట్టీలు కూడా మళ్లీ సర్దుకోండి, బూటు బోర్డు మధ్యకు వచ్చిందో లేదో చూడండి.