రిటైరయ్యాక మళ్లీ పనిలో చేరితే పెన్షన్, డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం) ఏమవుతాయి?

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ బి, లెవెల్ 8, ఓపీఎస్ (పాత పెన్షన్ పథకం). 60 ఏళ్లకు రిటైర్మెంట్. చివరి బేసిక్ 78,800, పెన్షన్ 39,400. 40 శాతం కమ్యూట్ చేశాక (ఆ భాగాన్ని ముందే ఏకమొత్తంగా తీసుకున్నాక) మిగిలింది 23,640, పైన డీఆర్. పాత ఆఫీసు కాంట్రాక్టు మీద రమ్మంటోంది, ఒక ప్రైవేటు కంపెనీ కూడా పిలుస్తోంది. దేంట్లో చేరితే పెన్షన్‌కు కోత పడుతుంది? కాంట్రాక్టులో 78,800 − 23,640 = 55,160 వస్తుందనుకోవచ్చా?

జవాబు 1: ఆ లెక్క తప్పండీ. 2020 డిసెంబర్ 9 నాటి ఆర్థిక శాఖ మెమో ప్రకారం కమ్యూట్ చేసిన 15,760 కూడా కలిపి తీసేయాలి. అంటే 78,800 − 39,400 = 39,400 మాత్రమే. దానిమీద డీఏ, హెచ్ఆర్ఏ, ఇంక్రిమెంట్ ఉండవు. సెలవు నెలకు ఒకటిన్నర రోజు.

ఆర్డర్ చేతికి రాగానే ‘ఇది రీ-ఎంప్లాయ్‌మెంట్ కాదు, పెన్షన్‌పై డీఆర్ కొనసాగుతుంది’ అన్న వాక్యం ఉందో లేదో చూసుకోండి. అసలు కీలకం అక్కడే. మీ వయసులో ప్రభుత్వంలోనో, ప్రభుత్వ రంగ సంస్థలోనో రీ-ఎంప్లాయ్‌మెంట్ (కాంట్రాక్టు కాక మళ్లీ ఉద్యోగిగా తీసుకోవడం) అయితే డీఆర్ ఆగిపోతుంది. చెప్పకుండా తీసుకుంటే తర్వాత పెన్షన్‌లోంచే రికవరీ.

జవాబు 2: ప్రైవేటు కొలువుతో పెన్షన్‌కీ డీఆర్‌కీ ఏమీ కాదు. రిటైరైన ఏడాదిలోపు ముందస్తు అనుమతి కావాల్సింది గ్రూప్ ఏ వాళ్లకి. వాళ్లు తీసుకోకుండా చేరితే పెన్షన్ నిలిపేసే అధికారం ప్రభుత్వానికుంది.

నవంబర్‌లో జీవన్ ప్రమాణ్ (డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్) చేసేటప్పుడు ‘మళ్లీ ఉద్యోగంలో చేరారా’ అని అడుగుతుంది. తొందరలో ఏదో ఒకటి నొక్కేయకండి. రీ-ఎంప్లాయ్‌మెంట్‌లో ఉన్నవాళ్లకి డిజిటల్ సర్టిఫికెట్ కుదరదు, బ్యాంకులో కాగితమే ఇవ్వాలి.

జవాబు 3: పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. పెన్షన్ కూడా జీతం కిందే లెక్క. కొత్త పద్ధతిలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ రెంటికీ కలిపి ఒక్కసారే. బ్యాంకు ఒకసారి, కంపెనీ ఒకసారి తీసేస్తే టీడీఎస్ తక్కువ పడి, రిటర్న్ వేసేటప్పుడు ఒక్కసారిగా కట్టాల్సి వస్తుంది. పెన్షన్ వివరాలు చేరిన రోజే కంపెనీకి ఇవ్వండి.

జీతంగా కాక ప్రొఫెషనల్ ఫీజుగా ఇచ్చి 10 శాతం టీడీఎస్ కోస్తే ఇంకో మెలిక: 60 దాటినవాళ్లకుండే అడ్వాన్స్ టాక్స్ మినహాయింపు పోతుంది, ఐటీఆర్-1 (సులువైన రిటర్న్ ఫారం) కూడా పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు: ఆర్డర్ డ్రాఫ్టు చూశాను. డీఆర్ వాక్యం లేదు. రాయించాకే సంతకం పెడతాను.