వనభోజనాల ఆటలు: గోనెసంచులు దొరికాయి, ఇంకా నలుగురు కావాలి

అందరికీ నమస్కారం. మన బెంగళూరు వనభోజనాలకి కనకపుర రోడ్డు తోట ఖాయమైంది, ఉసిరిచెట్టు కూడా ఉంది. వంటల సంగతి అక్కావాళ్ళు చూసుకుంటున్నారు కాబట్టి నేను ఆటల గురించే రాస్తున్నా.

గోనెసంచి పరుగుకి ఈసారి ప్లాస్టిక్ సంచులు వద్దు. పోయినేడు ఇళ్ళల్లో మిగిలిన 25 కిలోల బియ్యం సంచులతో కానిచ్చేశాం. పెద్దవాళ్ళకి మోకాళ్ళు దాటలేదు, పిల్లలకేమో గడ్డి మీద కాళ్ళు జర్రున జారాయి. మావాడి గడ్డం చెక్కుకుపోయి ఏడుస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. అందుకే మొన్న యశ్వంతపురం మార్కెట్ యార్డుకి వెళ్ళి 50 కిలోల గోనెలు పన్నెండు తెచ్చాను. బాల్కనీలో తిరగేసి దులిపితే గుప్పెడు కందిబద్దలు, బోలెడు దుమ్ము రాలాయి. ఆ వాసనకి మా నాన్నగారు లోపల్నుంచి లేచొచ్చారు. వాళ్ళ ఊళ్ళో 75 కిలోల ధాన్యం బస్తాలతో పరిగెత్తేవారట.

గోడ పట్టుకుని సంచిలోకి దిగి చూపించారు కూడా. రెండు పాదాలూ అడుగు మూలల్లోకి దూర్చాలి, అంచు నడుం దగ్గర రెండు చేతులా బిగించి పట్టుకోవాలి, చిన్న చిన్న అడుగులతో గబగబా సాగాలి. కప్పలా గెంతితే త్వరగా ఆయాసం వస్తుంది, పడతారు కూడా. ఇన్నేళ్ళూ మనం పిల్లల్ని గెంతమనే కదా అరిచాం!

అందుకే నా మనవి. పెద్దవాళ్ళని కుర్చీల్లో కూర్చోబెట్టి ప్లేట్లు అందించడంతో సరిపెట్టొద్దు. ఒక్కో ఆట ఒక్కో పెద్దవారి చేతిలో పెడదాం. నేర్పేదీ వాళ్ళే, తీర్పు చెప్పేదీ వాళ్ళే.

తాడు లాగుడు అదేం ఆట అని మన కుర్రాళ్ళు పెదవి విరిచారు. తమ్ముళ్ళూ, 1900 నుంచి 1920 వరకు అది ఒలింపిక్స్‌లో ఉంది. 1908లో లండన్‌లో మూడు పతకాలూ బ్రిటన్ పోలీసు జట్లే పట్టుకుపోయాయి. మనమూ జట్టుకి ఎనిమిది మందిమి దిగుదాం. తాడు చేతికి గానీ నడుముకి గానీ ఎవరూ చుట్టుకోకూడదు, గట్టిగా లాగితే వేళ్ళు నలిగిపోతాయి.

ఏడుపెంకులాటకి బసవనగుడిలో పాత ఇల్లు పడగొడుతుంటే అడిగి మంగళూరు పెంకు ముక్కలు తెచ్చా, అంచులు అరగదీయాలి. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి కన్నడంలో లగోరి అని చెబితే వెంటనే తెలుస్తుంది. గోటీబిళ్ళ (తెలంగాణవాళ్ళకి చిర్రగోనె) పెద్దలకి మాత్రమే, తోట అవతలి చివర. కంటికి తగిలితే ప్రమాదం.

పరుగులన్నీ భోజనాల ముందే, తొమ్మిదిన్నరకి మొదలు. గీతలకి ముగ్గుపిండి, ఒక ఫస్ట్ ఎయిడ్ బాక్స్, చేతిసాయానికి నలుగురు కావాలి. శుక్రవారం లోపు చెప్పండి.

— అన్నా, ముగ్గుపిండి నాది. పెంకులు కూడా ఇటు పంపండి, అరగదీసి తెస్తా.

— ఫస్ట్ ఎయిడ్ బాక్స్ నేను తెస్తాను. గోనెలు ఒక రోజంతా ఎండలో వేయండి బాబూ, పురుగేమైనా ఉంటే పోతుంది.

— అన్నయ్యా, మా అమ్మ ఏడుపెంకులాటకి వస్తానంది. కొంగు దోపుకుని ఆడుతుందట. తీర్పు చెప్పేవాళ్ళలో కాదు, జట్టులో పేరు రాయండి.